జోంగ్రిలో విశ్రాంతి దినం

‘ఆలస్యం అమృతం విషం’ అని మన పెద్దలు చెప్పారు. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ వారే. ఏ మాటను ఎప్పుడు పాటించాలో తెలుసుకోవడమే వివేకం. ఎత్తయిన కొండల్లో నడిచేవారికి రెండో మాటే ప్రాణరక్ష.

సిక్కిం రాష్ట్రంలోని యుక్సం గ్రామం నుంచి గోయెచా లా అనే కనుమకు ఒక కాలిబాట ఉంది. యుక్సం సముద్రమట్టానికి సుమారు 1,780 మీటర్ల ఎత్తున ఉంది. కనుమ ఎత్తు సుమారు 4,940 మీటర్లు. బాట మొదట దట్టమైన అడవిలో, నదులపై కట్టిన వంతెనల మీదుగా సాగుతుంది. గుడారాలను, బియ్యం మూటలను ‘జో’ అనే పశువులు మోస్తాయి. జడలబర్రెకు, ఆవుకు పుట్టిన సంకరజాతి పశువులివి.

సాధారణంగా మూడో రోజున యాత్రికులు షోకా నుంచి జోంగ్రికి చేరుకుంటారు. ఆ ఒక్క రోజే దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కుతారు. జోంగ్రి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికబయలు. అక్కడ గుడారాలు వేస్తారు. మరునాడు ప్రయాణం ఆపుతారు. కాళ్లలో సత్తువ ఉన్నవారు కూడా ఆగవలసిందే.

ఎందుకు ఆగాలి? గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా నూటికి 21 వంతులే. కాని పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. జోంగ్రిలో ఒక్కసారి పీల్చే ఊపిరిలో సముద్రతీరంలో దొరికే ప్రాణవాయువులో ఐదింట మూడు వంతులే దొరుకుతుంది. ఆ లోటు తీర్చడానికి శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఈ మార్పులకు శరీరం అలవాటు పడాలంటే వ్యవధి కావాలి. విశ్రాంతి దినం ఆ వ్యవధిని ఇస్తుంది.

విశ్రాంతి అంటే రోజంతా పడుకోవడం కాదు. తెల్లవారకముందే యాత్రికులు దగ్గరలోని గుట్ట ఎక్కుతారు. తొలి కిరణాలు సోకగానే కాంచన్‌జంగ మంచు శిఖరం బంగారు రంగులో మెరుస్తుంది. కాసేపు చూసి, మళ్లీ శిబిరానికి దిగి వస్తారు. పగలు కొంచెం పైకి ఎక్కి, రాత్రి కిందికి వచ్చి నిద్రించడం శరీరానికి మంచి సాధన.

ఆ తరువాత శిబిరంలో పనులు మొదలవుతాయి. తడిసిన మేజోళ్లు ఎండలో ఆరవేస్తారు. పాదాలకు లేచిన బొబ్బలకు మందు రాస్తారు. తెగిన సంచి పట్టీలు కుట్టుకుంటారు. వంటవాళ్లకూ ఇబ్బందే. అక్కడ నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుతుంది. ఎంతసేపు ఉడికించినా పప్పు త్వరగా మెత్తబడదు. అందుకే ప్రెషర్ కుక్కర్ కొండ మీదికి కూడా మోసుకువెళతారు.

సాయంత్రం దళనాయకుడు ప్రతి ఒక్కరినీ అడుగుతాడు: “తలనొప్పి ఉందా? వికారంగా ఉందా? అన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా?”

ఆ రోజు జరిగే పనులన్నింటిలో ముఖ్యమైనది ఇదే. వెనక్కు పంపేస్తారన్న భయంతో కొందరు తలనొప్పిని దాచిపెడతారు. అది ప్రమాదకరం. లక్షణాలు ఉండగా పైకి ఎక్కితే మెదడులోనో, ఊపిరితిత్తులలోనో నీరు చేరి ప్రాణం పోవచ్చు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా ఉదయం దాకా ఆగకూడదు. వెంటనే కిందికి దించాలి. కండబలం ఉన్నవారికి ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు. బలముందని తొందరపడేవారే తరచు దీని బారిన పడతారు.

ఎవరెస్టు యాత్ర వారాల తరబడి సాగడానికి కూడా ఇదే ముఖ్య కారణం. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. అంతటి సాహసంలో కూడా ఎక్కిన రోజులతో పాటు ఆగిన రోజులు ఉంటాయి.

జోంగ్రి నుంచి కనిపించే కాంచన్‌జంగ ఎత్తు 8,586 మీటర్లు. 1955లో దానిని మొదటిసారి ఎక్కిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ శిఖరాగ్రానికి కొన్ని అడుగుల దూరంలో ఆగిపోయారు. ఆ కొండ సిక్కిం ప్రజలకు పవిత్రమైనది. అందుకే కొనమీద కాలు మోపబోమని ముందుగానే మాట ఇచ్చారు. వారు ఆగినందువల్ల వారి విజయం తగ్గలేదు. కొండను గౌరవించినవారిగా కూడా పేరు పొందారు.

అర్థాలు
కనుమ = రెండు కొండల నడుమ దారి
సంకరజాతి = రెండు జాతుల కలయికవల్ల పుట్టినది
వ్యవధి = గడువు, సమయం
వికారం = వాంతి వచ్చేలా ఉండడం

ప్రశ్నలు
1. జోంగ్రిలో యాత్రికులు ఒక రోజు ఎందుకు ఆగుతారు?
2. కొండమీద పప్పు త్వరగా ఉడకకపోవడానికి కారణం ఏమిటి?
3. తలనొప్పిని దాచిపెట్టిన మిత్రునికి మీరు ఏమని చెబుతారు? ఐదు వాక్యాలలో రాయండి.
4. ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత మీ ఊరిలో ఏయే పనులకు వర్తిస్తుంది? మీ పెద్దలను అడిగి రాయండి.