వేకువ వ్యాయామము - హితవాక్యము

ధర్మసాధనములలో మొదటిది శరీరము. స్నానము, జపము, ఆలయ ప్రదక్షిణము, పరోపకారము - వీనిలో దేహబలము లేక సాగునది ఒక్కటియు లేదు. అందుచేతనే మన పూర్వులు దేహపోషణమును భోగముగా గాక కర్తవ్యముగా భావించిరి. తాలింఖానాలలో ఆంజనేయస్వామికి నమస్కరించిన పిమ్మటనే సాము ప్రారంభించు ఆచారము ఈ భావమునుండి పుట్టినదే. నేడు పట్టణములలోని ఉద్యానవనములందును, ఆలయ ప్రాంగణములందును పదిమంది వేకువనే కూడి వ్యాయామము చేసి, చివర నాలుగు మంచిమాటలు చెప్పుకొని విడిపోవుట కానవచ్చుచున్నది. ఆ కూడికలో దేహశ్రమ ఎంత ముఖ్యమో ఆ నాలుగు మాటలును అంత ముఖ్యము. ఏలనన, బలమును మేల్కొలుపు మాట యున్నది. బలమును హరించు మాటయు నున్నది.

ముందుగా కాలనియమము. సూర్యోదయమునకు 96 నిమిషములు ముందు మొదలై 48 నిమిషములుండు కాలమే బ్రాహ్మీముహూర్తము. ఆరోగ్యవంతుడు ఆయుర్రక్షణార్థము ఈ సమయమున మేల్కొనవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయములో విధించెను. వ్యాయామమువలన దేహము తేలికపడునని, పనిచేయు సామర్థ్యము కలుగునని, జఠరాగ్ని దీపించునని ఆయన చెప్పెను. అయితే ఎంత చేయవలెను? బలవంతుడైనను తన శక్తిలో సగముమాత్రమే వినియోగింపవలెనని ఆయన నిర్ణయము. మితిమీరినచో దప్పిక, ఆయాసము, దగ్గు, జ్వరము మొదలగునవి కలుగునని హెచ్చరించెను. బాలురు, వృద్ధులు, అజీర్ణముతో బాధపడువారు వ్యాయామము మానవలెననియు చెప్పెను. కావున అందరికిని ఒకే కొలత పనికిరాదు. పక్కవానితో పోటీపడి శక్తికి మించి శ్రమించుట శాస్త్రసమ్మతము కాదు.

సామూహికముగా చేయుటకు సూర్యనమస్కారములు మిక్కిలి అనుకూలములు. వానియందు పలుకు పన్నెండు నామములే పన్నెండు పాఠములు. మిత్రుడనగా స్నేహితుడు, పక్కనున్నవాడు ప్రత్యర్థి కాడని అది తెలుపును. పూషుడనగా పోషించువాడు, సంపాదించిన బలము ఇతరులను పోషించుటకేయని దాని బోధ. సవితయనగా ప్రేరేపించువాడు, తాను లేచుటయే గాక ఇతరులను లేపవలెనని దాని సందేశము. అర్థమెరిగి చేసినచో ప్రతి నమస్కారమును ఒక సంకల్పమగును.

ఇక ప్రోత్సాహవాక్యము. దానికి శ్రీమద్రామాయణములోని కిష్కింధాకాండమును మించిన పాఠము లేదు. సీతాన్వేషణమునకు వెడలిన వానరులు దక్షిణసముద్రతీరమున నిలిచి, ఎవ్వరెంత దూరము లంఘింపగలరో చెప్పుకొనిరి. గజుడు 10 యోజనములనెను. గవాక్షుడు 20 అనెను. గంధమాదనుడు 50, మైందుడు 60, ద్వివిదుడు 70, సుషేణుడు 80 యోజనములనిరి. వృద్ధుడైన జాంబవంతుడు తన యౌవనబలమును స్మరించి, ఇప్పుడు 90 యోజనములు మాత్రమే పోగలనని దాచక పలికెను. అంగదుడు 100 యోజనములు దాటగలనుగాని తిరిగిరాగలనో లేదో యనెను. పదియని చెప్పినవానిని ఎవ్వరును పరిహసింపలేదు. ఎక్కువ చెప్పినవాడు తక్కువవానిని చులకన చేయలేదు. తన హద్దును సత్యముగా చెప్పుకొనుటకు జంకనక్కరలేని కూటమి యది.

అప్పుడు హనుమంతుడు ఒకప్రక్క మౌనముగా కూర్చుండియుండెను. బాల్యమున ఋషుల ఆశ్రమములలో ఆగడములు చేసినందున, ఇతరులు జ్ఞాపకము చేయువరకు తన బలము తనకు తెలియకుండునట్లు శాపము కలిగెనని ఉత్తరకాండము చెప్పుచున్నది. జాంబవంతుడు ఆయనను సమీపించి, ఆయన జన్మవృత్తాంతమును, శైశవమున సూర్యుని పండని తలంచి ఆకాశమునకు ఎగసిన వృత్తాంతమును వినిపించెను. ఆ మాటలలో ముఖస్తుతి లేదు; కల్పన లేదు. ఉన్న బలమునే ఉన్నట్లు చూపెను. తాను చేయలేని పనిని పిన్నవాడు చేయుననెడి అసూయయు ఆ వృద్ధునిలో లేదు. హనుమంతుడు పెరిగెను; చూచిన వానరులందరును సంతోషించిరి. లంఘించుటకు ముందు ఆయన సూర్యేంద్రవాయుబ్రహ్మలకు నమస్కరించెను. బలము గుర్తునకు వచ్చిన వెంటనే వినయమును వచ్చెనన్నమాట.

దీనికి ప్రతికూలమైన పాఠము భారతమున కలదు. శల్యుడు కర్ణునికి సారథియై, యుద్ధమధ్యమున అతనిని నిందించుచు, తేజోవధ గావించెను. తోడుండి నిరుత్సాహపరచుటకు శల్యసారథ్యమనుట నేటికిని లోకములో వాడుక. కర్ణునికి అస్త్రములు కొరవడలేదు. పక్కనుండి ధైర్యమిచ్చు మాట కొరవడినది.

ప్రాతఃకాల వ్యాయామమునకు చేరు ప్రతి కూటమిలోను ఈ రెండు మాటలకును చోటున్నది. వ్యాధినుండి లేచి, చేతులు పూర్తిగా ఎత్తలేక వెనుకవరుసలో నిలుచువాడొకడుండును. భర్తృవియోగముతో ఇల్లు కదలక, ఇరుగుపొరుగువారి బలవంతముచే వచ్చిన వృద్ధురాలుండును. వారిని చూచి ఒకడు నవ్వినచో మరునాడు వారు రారు. తరువాత వారి తలుపు తట్టువాడు కూడ ఉండకపోవచ్చును. నిన్నటికన్న నేడు ఒక అడుగు ఎక్కువ నడచితిరని ఒక్కరు నిజము చెప్పినచో, రేపటి వేకువకు వారే ముందుగా మేల్కొందురు.

కావున శిక్షకుడు మొదట జాంబవంతుడు కావలెను. ఎవనియందు ఏ బలమున్నదో కనిపెట్టి, దానిని సత్యముగా చెప్పవలెను; లేని బలమును ఉన్నదని పొగడి ప్రమాదమునకు పంపరాదు. ఒకనాడు రానివానిని మరునాడు నిందింపక, క్షేమమడుగుటకు ఇంటికి పోవలెను. చివర చెప్పు హితవు క్లుప్తమై, ఆనాడు ఆచరింపదగినదై యుండవలెను. బలవంతుడు తన సగము శక్తిని వ్యాయామమునకు వినియోగించి, మిగిలినదానిని బలహీనునికి చేయూతనిచ్చుటకు దాచుకొనవలెను. అట్టి కూటమియందు వ్యాయామమే సేవ యగును. సేవయే భగవదారాధన మగును.

బుద్ధిని, బలమును, ధైర్యమును ప్రసాదించు ఆంజనేయస్వామి అందరికిని హితవాక్యమును పలుకు నాలుకను, దానిని స్వీకరించు హృదయమును అనుగ్రహించుగాక!