నొప్పులు తగ్గాయన్నావు కదా

కాకినాడ

చి. ల. సౌ. సౌమ్యకు అత్తయ్య ఆశీస్సులు.

ఐదో నెల వచ్చాక పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం తగ్గిందనీ, జడ నువ్వే వేసుకుంటున్నాననీ రాశావు. సంతోషం. మీ అత్తగారి మొక్కు ఫలించిందంటే నేను కాదనను. కానీ ఉన్న ఒక్క మందూ మానేస్తానన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

కడుపుతో ఉన్నప్పుడు కీళ్లవాతం నెమ్మదించడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో, మేయో క్లినిక్‌లో పనిచేసిన ఫిలిప్ హెంచ్ 1938లోనే దీని గురించి రాశాడు. కామెర్లు వచ్చినవాళ్లకూ నొప్పులు తగ్గడం అంతకుముందే గమనించాడు. ఒంట్లోనే ఏదో పదార్థం ఈ పని చేస్తోందని పట్టుబట్టాడు. 1948లో రోగికి కార్టిజోన్ ఇచ్చి చూశాడు, 1950లో నోబెల్ పంచుకున్నాడు. ఆయన తెలివి సరే, రోగులు చెప్పింది చెవిన పెట్టాడే, నాకు అదే గొప్పగా తోస్తుంది.

నీ రోగనిరోధక వ్యవస్థ నీ కీళ్లనే పరాయివనుకుంటోంది. కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక, అంటే దాని లెక్కలో పరాయిదే. బిడ్డ మీద పడకుండా ఒళ్లు ఆ వ్యవస్థ జోరును కాస్త తగ్గించి ఉంచుతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఎన్నో రెట్లు పెరిగి వాపు పుట్టించే కణాల జోరు తగ్గిస్తాయి, వాటిని అదుపు చేసే టి కణాలు బలపడతాయి. ఆ మేలు నీ కీళ్లకూ అందింది.

ఇందులో ఓ తిరకాసుంది. ఇదే ఈస్ట్రోజెన్ మామూలు రోజుల్లో బి కణాలను ఎగదోసి యాంటీబాడీలు ఎక్కువ చేయిస్తుంది. ఫ్లూ టీకా వేస్తే ఆడవాళ్లలోనే యాంటీబాడీలు ఎక్కువ పుట్టడానికి అదో కారణం. మగవాళ్ల టెస్టోస్టెరాన్ అణచే వైపు లాగుతుంది. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఇందులో ఎక్స్ క్రోమోజోమ్ పాత్రా ఉందిలే, అంతా హార్మోన్ల మీదికే తోసెయ్యలేం. లూపస్ యాంటీబాడీల జబ్బు కనక కడుపుతో ఉన్నప్పుడు ఒక్కోసారి ముదురుతుంది కూడా. మీ ఆఫీసులో లూపస్ ఉన్న అమ్మాయికి జరిగినట్టే నీకూ జరుగుతుందని బెంగపడకు.

నా భయమల్లా పురుడయ్యాకే. మాయ బయటపడగానే ఆ హార్మోన్లు రోజుల్లోనే దిగిపోతాయి. చాలామందికి మూడు నెలలు తిరక్కుండానే నొప్పులు మళ్లీ మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే తెల్లవారుజామున లేచి, పసిదాని జుబ్బా ముడి విప్పబోతే వేళ్లు వంగవు. ఇంట్లోవాళ్లు బాలింత వాతమంటూ పత్యం పెట్టి ఊరుకుంటారు. ఊరుకోనివ్వకు. ముడుల జుబ్బాలు వద్దు, టిచ్ బటన్లవి కొనమని మీ అమ్మతో చెప్పాను.

నువ్వు వేసుకుంటున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ కడుపుతో ఉన్నప్పుడు వాడదగ్గదే. డాక్టరు చెప్పనిదే మానకు. బిడ్డ కోసం ఆపేసిన మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు ఇంకా అలమరాలో ఉంటే తీసెయ్. పాలిచ్చే రోజుల్లో నొప్పికి తాళలేక దానికోసం చెయ్యి చాస్తావేమోనని. కాన్పు తర్వాత ఏ మందు, ఎప్పటినుంచి అన్నది ఎనిమిదో నెలలోనే కీళ్ల డాక్టరుతో తేల్చుకోవాలి. నువ్వు పుట్టింటికి వచ్చే తారీఖు రాస్తే ఇక్కడ అపాయింట్‌మెంట్ నేనే తీసుకుంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య