ఆఖరి బస్సు ఎన్నింటికి?

చెల్లాయ్, ఈ సెలవులకి కొండల్లోకి వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నారట కదా! కారు మాట్లాడుకుందామా, డ్రైవర్ బత్తా ఎంతవుతుంది అని మీ ఆయన లెక్కలు వేస్తున్నారని విన్నాను. ఆ లెక్క కాసేపు పక్కన పెట్టమను. రైల్లో వెళ్లండి, బస్సుల్లో తిరగండి, మిగతాది నడవండి. డబ్బు మిగులుతుందని మాత్రమే చెప్పడం లేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు నడిపేవాళ్లకి రోడ్డు తప్ప ఇంకేమీ కనబడదు, వెనక సీట్లో ఉన్న తల్లికి పిల్లాడి వాంతి కవరు తప్ప ఇంకేమీ కనబడదు. కొండ చూద్దామని వెళ్లి, కొండ చూడకుండా వచ్చిన సెలవులు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి.

ఇంకో సంగతి. కారుంటే, ఎక్కడ దిగామో మళ్లీ అక్కడికే నడిచి రావాలి. బస్సుని నమ్ముకున్నవాళ్లు ఒక ఊళ్లో దిగి, నడిచి, ఇంకో ఊళ్లో ఎక్కొచ్చు. కొండదారికి అదే అసలు అందం.

ఎక్కడికని అడుగుతావేమో. మనకి అరకు ఉంది. మొదటిసారి పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని కొండల్లో నడవాలనుకునే ఇంటికి అంతకంటే మంచి చోటు నేను చెప్పలేను. విశాఖపట్నంలో పొద్దున్న ఏడుకి కాస్త ముందు కిరండోల్ వెళ్లే రైలు బయల్దేరుతుంది. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. లైను మొత్తం మీద 58 సొరంగాలు. ఎక్కువ భాగం అరకు చేరేలోపే వస్తాయి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... స్టేషన్ల పేర్లు పిల్లల చేత రాయించు. అరకుకి ముందొచ్చే శిమిలిగుడ దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని దానికి పేరు. నాలుగు గంటల ప్రయాణం. లోయ అంతా కిటికీలోంచే కనబడుతుంది. అద్దాల పెట్టెలో సీట్లు దొరికితే సంతోషమే గానీ దొరకలేదని బాధపడకు. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, కొండగాలి మొహానికి తగులుతుంది. నాకైతే అదే ఇష్టం.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, ఆ పొద్దున్నే కిరండోల్ రైలు అందుకోవచ్చని కాగితం మీద కనబడుతుంది. పిల్లలతో, సామానుతో ఆ పని పెట్టుకోవద్దు. రాత్రి రైలు కాస్త ఆలస్యమైందంటే మొత్తం ప్లాను చెదిరిపోతుంది. ఒక రోజు విశాఖలో ఉండండి. పిల్లలు సముద్రం చూస్తారు, అత్తగారు సింహాచలం వెళ్తారు, మర్నాడు నిద్ర తీరిన కళ్లతో కొండెక్కుతారు. ఇప్పుడు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి తేదీ గుర్తు పెట్టుకుని ఆ పొద్దున్నే తీసుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలకి విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. కార్తీక మాసంలో వనభోజనాల జనం, సంక్రాంతి సెలవుల జనం అరకుని నింపేస్తారు. వీలైతే ఆ రోజులు తప్పించి, వారం మధ్యలో వెళ్లండి. నవంబర్ చివర్లో వెళ్తే వలిసె పూలు చూడొచ్చు. పసుపుపచ్చని పొలాలు కొండల దాకా ఉంటాయి. అవి ఎవరో రైతు పండించుకుంటున్న నూనెగింజల పంట. ఫొటో కోసం పొలంలో దిగాలంటే వాళ్లని అడగండి, చేను తొక్కకండి.

ఇక అసలు విషయం. ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది చూడాల్సిన చోట్ల జాబితాతో మొదలుపెడతారు. నువ్వు రెండు ప్రశ్నలతో మొదలుపెట్టు. ఇంట్లో అందరికంటే చిన్న కాళ్లు ఎవరివి? ఆఖరి బస్సు ఎన్నింటికి? ఈ రెండూ తెలిస్తే రోజు దానంతటదే కుదురుతుంది. పిల్లలతో ఎక్కుడు దారిలో గంటకి రెండు కిలోమీటర్లకి మించి లెక్క వేసుకోవద్దు. ఆఖరి బస్సు సాయంత్రం ఐదింటికి అన్నారనుకో, దాని ముందు బస్సునే ఆఖరిది అనుకో. అది మూడున్నరకైతే మూడింటికల్లా రోడ్డు మీద ఉండాలి. అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టు. దిగడానికి గంటన్నర, తిండికీ ఆటకీ గంట, ఎక్కడానికి రెండు గంటలు. అంటే పదిన్నరకల్లా నడక మొదలవ్వాలి. కొండల్లో తొందరగా చీకటి పడుతుంది. బస్సు తప్పిపోతే పిల్లల్ని వెంటేసుకుని చీకట్లో రోడ్డు మీద నిలబడే అవస్థ ఎవరికీ వద్దు.

బస్సు వేళలు ఫోన్లో చూసి ఊరుకోకు. దిగిన రోజే బస్టాండులో విచారణ కౌంటర్ దగ్గర అడుగు. కండక్టర్ని అడుగు. స్టాపు పక్కన టీ కొట్టు ఉంటే అక్కడా అడుగు. ముగ్గురూ ఒకే మాట చెప్తే కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోతే ఫోన్‌తో డబ్బు కట్టడమూ కుదరదు. చిల్లర నోట్లు దగ్గరుండాలి. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ కార్డు మర్చిపోకు, ఎక్కే ముందు ఆ బస్సుకి వర్తిస్తుందో లేదో అడుగు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి అలాంటిదే మహాలక్ష్మి పథకం ఉంది. ఒక రాష్ట్రం పథకం ఇంకో రాష్ట్రం వాళ్లకి పనికిరాదు కాబట్టి తెలంగాణ నుంచి వచ్చే చెల్లెళ్లు ఇక్కడ టికెట్ తీసుకోవాలి.

ఎవరూ పైకి మాట్లాడని సంగతి ఒకటి చెప్తాను. ప్రయాణమంటే మనం నీళ్లు తాగడం మానేస్తాం. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట మనకి వెళ్లే వసతి ఉంటుందో లేదో అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లతో గడిపేసి, రాత్రికి తలనొప్పితో పడుకుంటాం. కొండెక్కే రోజున అది మరీ ప్రమాదం. అందుకే ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు బస్సు అంటున్నాను. రైల్లో ఆ బెంగ లేదు. బస్సెక్కే ముందు బస్టాండులోనో, టిఫిన్ చేసిన హోటల్లోనో వెళ్లి వచ్చి, దారంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండు. నెలసరి తేదీ దగ్గర పడితే ప్రయాణం మానుకోనక్కర్లేదు. నాలుగు ప్యాడ్లు ఎక్కువే పెట్టుకో, వాడినవి చుట్టి పెట్టడానికి కాగితం, కవరు పెట్టుకో, వాటిని కొండ మీద పారేయకుండా కిందికి తెచ్చెయ్. ఆ రోజు నడక సగం చేసుకో. మీ ఆయనకీ, పెద్దపిల్లలకీ మామూలుగా చెప్పు. దాచుకుని నొప్పితో నడవాల్సిన అవసరం ఏముంది?

సామాను మాటకొస్తే, వంటిల్లు మోసుకెళ్లొద్దు. మొదటిరోజుకి పులిహోర, తర్వాత్తర్వాత నమలడానికి జంతికలు, సున్నుండలు, వేరుశనగ ఉండలు చాలు. ఎవరి సంచీ వాళ్లు మోయాలి. ఏడేళ్ల పిల్లాడైనా తన నీళ్ల సీసా, తన స్వెట్టర్ తనే మొయ్యాలి. డిసెంబర్, జనవరిల్లో ఆ కొండల మీద రాత్రి చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. మంకీ క్యాపులు, మఫ్లర్లు తప్పవు. ఘాట్‌లో కడుపు తిప్పే పిల్లల్ని వెనక చక్రాల మీది సీట్లో కూర్చోబెట్టకు. ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమను, ఫోన్ చేతికివ్వకు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. రెండు ఇడ్లీలు తినిపించి, బుగ్గన ఉసిరి వక్క పెట్టు. మాత్ర వెయ్యాలంటే పిల్లల డోసు డాక్టర్ని అడిగి ముందే తెచ్చుకో.

అక్కడికెళ్లాక పెద్ద శిఖరాలు వెతకొద్దు. ఒక రోజు బొర్రా గుహలు. స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. రైలు పట్టాలు ఆ గుహల మీదుగానే వెళ్తాయని చెప్తే పిల్లలు నోరు తెరుస్తారు. లోపల మెట్లు చాలా ఉంటాయి, తడిగా జారుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి భాగం చూసి ఆగిపోతే మంచిది. ఇంకో రోజు కాఫీ తోటల మధ్య ఊరి బాటల్లో నడవండి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ అల్లుకుని ఉంటుంది, ఆ నీడన కాఫీ మొక్కలు. శీతాకాలంలో పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. కోయనివ్వకు, అది గిరిజన రైతుల పంట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్ల వాళ్లు మన కోసం అలంకరించిన బొమ్మలు కారు. ఫొటో తీసే ముందు అడగాలని పిల్లలకి చెప్పు. నడవలేని అత్తగారికి పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం ఉన్నాయి. ఆవిణ్ణి గదిలో ఒంటరిగా వదిలేయకండి. నువ్వొక్కదానివే ప్రతిసారీ ఆవిడకి తోడుగా ఆగిపోకు. ఒక పూట మీ ఆయన ఆగాలి, నువ్వు నడవాలి.

అరకు నుంచి పాడేరుకి బస్సులున్నాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ. తెల్లారకముందే ఎక్కితే కింద లోయ నిండా మబ్బులే. ఆ వేళప్పుడు బస్సు ఉండదు, ముందురోజు సాయంత్రమే ఆటోతో రేటు మాట్లాడుకోండి, టార్చిలైటు పట్టుకెళ్లండి. దారి రాళ్లతో నిటారుగా ఉంటుంది. చిన్నపిల్లలుంటే వంజంగి మరోసారికి వాయిదా వెయ్యమనే చెప్తాను. పాడేరులో మోదకొండమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, చోడవరం మీదుగా విశాఖ బస్సెక్కితే చుట్టు పూర్తవుతుంది. వెళ్లిన దారినే రానక్కర్లేదు. దార్లో మాడుగుల హల్వా కనబడితే మాత్రం వదలొద్దు.

వానాకాలం కిరండోల్ రైలు లైను మీద కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగుతుంటాయి. జూలై నుంచి అక్టోబర్ దాకా వెళ్తే చేతిలో ఒక రోజు ఎక్కువ ఉంచుకోవాలి.

మనవల్ల అవుతుందా అని భయపడుతున్నావా? అలిపిరి నుంచి తిరుమలకి 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388. ఎన్ని లక్షల తెలుగు ఇళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఆ మెట్లెక్కాయో నీకు తెలుసు. కొండ నడక మన ఇళ్లకి కొత్త కాదు. దేవుడి కోసం కాకుండా మన కోసం నడవడమే కొత్త. రెండు నెలల ముందు నుంచి ప్రతి ఆదివారం మీ ఊరి గుట్ట ఒకటి ఎక్కండి. విశాఖ వాళ్లకి సింహాచలం మెట్లున్నాయి, విజయవాడ వాళ్లకి కొండపల్లి ఖిల్లా ఉంది. అక్కడే తెలిసిపోతుంది ఎవరి కాళ్లు ఎంత దూరం నడుస్తాయో, ఎవరి బూట్లు కరుస్తాయో.

బూట్లంటే గుర్తొచ్చింది. పిల్లలకి కొంటావు, మీ ఆయనకి కొంటావు, నాకు ఈ చెప్పులు చాలులే అంటావు. చాలవు. నీకూ ఒక జత కొనుక్కుని, ఈ ఆదివారమే వేసుకుని నడిచి చూడు.