భారరహిత స్థితిలో లోహద్రవము

కుండలో నీరు కాగునపుడు అడుగున వేడెక్కిన నీరు తేలికయై పైకి లేచును, చల్లనిది క్రిందికి దిగును. కరిగిన లోహములోను ఇట్టి సంవహనము కలుగును. స్ఫటికము గట్టిపడు వేళ ఈ కదలిక వలన దాని కూర్పు అంతట ఒక్క తీరుగ నుండదు.

2007 జనవరి 10న మన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి7 పై వెళ్లిన ఎస్.ఆర్.ఇ.-1 అను పేటిక, 22న బంగాళాఖాతమున దిగినది. అందలి చిన్న కొలిమిలో లోహమును కరగించి స్ఫటికీకరించిరి. అక్కడ భూమ్యాకర్షణ లేకపోలేదు. పేటికయు ద్రవమును కలిసి పడుచుండుట వలన భారము తెలియదు.

ఇట్టి అవకాశము అరుదు. కనుక ముందే కంప్యూటరుపై లెక్క కట్టవలెను. మార్కాపురపు పలకపై గడులు గీసినట్లు ద్రవమును గడులుగా విభజించి, ప్రతి గడిలో ఉష్ణోగ్రత, వేగము, పీడనము, గాఢతలను క్షణక్షణమునకు సాధింతురు. సంవహన బలమును తెల్పు గ్రాషాఫ్ సంఖ్య గురుత్వమునకును, పాత్ర పొడవు యొక్క ఘనమునకును అనులోమముగా నుండును. గురుత్వము పదిలక్షవ వంతైనచో సంఖ్యయు అంతే తగ్గును. పొడవు రెట్టింపైనచో 8 రెట్లు పెరుగును.

గురుత్వమునకు బదులు సున్న వేసినంతనే ద్రవము నిశ్చలమగునని మన విద్యార్థులు తలంతురు. అది సరికాదని మా మనవి. ద్రవమునకు స్వేచ్ఛాతలమున్నచో, వేడిచోట తలతన్యత తగ్గి, అది చల్లని వైపునకు లాగబడును. దీనినే మరంగోనీ ప్రవాహమందురు. యంత్రముల కంపనము వేరొకటి. వీనిని విడిచిన లెక్క, కొలిమి నుండి వచ్చిన స్ఫటికముతో సరిపోలకపోవచ్చును.