మార్కుల లిస్టు సార్ట్ చేసేటప్పుడు

ఎక్సెల్‌లో మార్కుల లిస్టు వేయడం మనలో చాలామందికి వచ్చు. చిక్కంతా సార్ట్ చేసే దగ్గరే. ఒక తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. లెక్కల్లో ఎవరు ముందున్నారో చూద్దామని ఆ ఒక్క కాలమ్‌నే సెలెక్ట్ చేసి సార్ట్ చేస్తే మార్కులు కదులుతాయి, పేర్లు కదలవు. 92 తెచ్చుకున్నవాడి పేరు పక్కన 31 వచ్చి చేరుతుంది. మొత్తం వేసే ఫార్ములా ఆ 31నే కూడుతుంది. ఎర్రర్ రాదు, ఎవరికీ అనుమానమూ రాదు. పాసైనవాడు కాగితం మీద ఫెయిలవుతాడు! కనుక పేర్లతో సహా పట్టికంతా సెలెక్ట్ చేయాలి. హెచ్చరిక వస్తే 'ఎక్స్‌పాండ్ ది సెలెక్షన్' ఎంచుకోవాలి.

తన వరుసలోని అంకెలనే కూడే ఫార్ములాకు భయం లేదు, వరుసతోపాటే కదులుతుంది. బయటి గడిని చూసే ఫార్ములాలే దారి తప్పుతాయి. శాతం కోసం 600ను ఎల్1 గడిలో ఉంచితే, ఫార్ములాలో $ఎల్$1 అని ఉండాలి (ఎఫ్4 మీట నొక్కితే డాలర్లు అవే వస్తాయి). అవి లేకపోతే, వరుస కిందికి జరిగినప్పుడు ఫార్ములా ఎల్1ను వదిలి కింది ఖాళీ గడిని పట్టుకుంటుంది.

మెస్ లెక్క ఇంకా సున్నితం. అందులో ప్రతి నిల్వా పై వరుస నిల్వ నుంచే వస్తుంది. సరుకుల పేర్ల ప్రకారం సార్ట్ చేస్తే ఏ రోజు ఎంత మిగిలిందో ఇక తెలియదు. ఆ షీటును ముట్టుకోకండి. కాపీ చేసి, వేరే షీటులో పేస్ట్ స్పెషల్ ద్వారా వాల్యూస్‌గా అతికించి అక్కడ సార్ట్ చేయండి.

అసలు మొదట్లోనే ఒక కాలమ్‌లో వరుస నంబర్లు టైపు చేసి పెట్టుకోండి, ఫార్ములాతో వద్దు. ఫైలు మూసేశాక అన్‌డూ దొరకదు. పట్టికంతా కలిపి ఆ నంబర్ల ప్రకారం సార్ట్ చేస్తే పాత వరుస తిరిగొస్తుంది.