ఒక్క స్టవ్వు మీద మూడు వంటలు

శంషాబాద్‌లో రూము తీసుకున్నవాళ్ళకి చుట్టాల కొరత ఉండదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పటి నుంచి ఇది అందరూ దిగే చోటు. తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్న సీనియర్ ముందు రాత్రే మన దగ్గరికి వచ్చేస్తాడు. రెండేళ్ళ తర్వాత అమెరికా నుంచి దిగిన అన్నయ్యకి ఊరి బస్సు దొరికేదాకా మన రూమే దిక్కు. అలా వచ్చినవాళ్ళకి నూడుల్స్ పెట్టి పంపడానికి మనసొప్పదు. నెలాఖరులో బిర్యానీ ఆర్డర్ పెట్టడానికి జేబు ఒప్పుకోదు. రూములో ఉన్నదేమో ఒక ఇండక్షన్ స్టవ్వు, ఒక కుక్కర్, ఒక పాన్.

ఇవి చాలు. ఎర్రపప్పు కిచిడి, పచ్చిపులుసు, సర్వపిండి, మూడూ ముగ్గురికి సరిపడా 40 నిమిషాల్లో అయిపోతాయి. కిటుకంతా వరసలో ఉంది. ఓఎస్ క్లాసులో షెడ్యూలింగ్ చదివాం కదా, ఇక్కడ మన ఒక్కగానొక్క ప్రాసెసర్ స్టవ్వు. దాన్ని ఖాళీగా ఉంచకూడదు, రెండు పనులకి ఒకేసారి అడగకూడదు.

ఈ మూడే ఎందుకు?

హైదరాబాద్‌లో కిచిడికి జోడీ ఖట్టా, అంటే నువ్వులు, చింతపండు కలిపిన పులుపు. మన ఇళ్ళల్లో ఆ పని పచ్చిపులుసు చేస్తుంది. దాన్ని మరిగించక్కర్లేదు కాబట్టి స్టవ్వుతో దాదాపు పనే లేదు. కిచిడి కుక్కర్‌లో తనంతట తనే ఉడుకుతుంది. సర్వపిండికి ఆ పేరు గిన్నె వల్ల వచ్చింది. సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల పిండి ఒత్తి కాల్చేవాళ్ళు, అందుకే కొన్ని చోట్ల గిన్నెపిండి అని కూడా అంటారు. ఇండక్షన్ మీద గుండ్రటి అడుగు పనికిరాదు, మనం పాన్‌లోనే ఒత్తుదాం.

ముందు ఇవి చూసుకోండి

గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే ఇండక్షన్ మీద వేడెక్కుతుంది. మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. ఇంకోటి, 2000 వాట్ల స్టవ్వు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి అది భారం. 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అస్సలు వద్దు.

వరస

"ల్యాండ్ అయ్యాను" అని మెసేజ్ రాగానే రెండు చెంచాల శనగపప్పు, చిన్న నిమ్మకాయంత చింతపండు వేరువేరుగా నానబెట్టండి. ఇమ్మిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి అవి నానిపోతాయి.

మొదటి 6 నిమిషాలు: పాన్‌లో మూడు చెంచాల పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, నాలుగు పచ్చిమిరపకాయలు వేయించండి. నువ్వులు చిటపటలాడగానే తీసేయాలి, లేదంటే చేదెక్కుతాయి. పాన్ పక్కన పెట్టి చల్లారనివ్వండి.

తర్వాత 15 నిమిషాలు: కుక్కర్‌లో నూనె, జీలకర్ర, రెండు లవంగాలు, ఒక ఉల్లిపాయ వేయించి, కడిగిన గ్లాసు బియ్యం, అరగ్లాసు ఎర్రపప్పు, పసుపు, ఉప్పు, మూడు గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టండి. రెండు విజిల్స్ చాలు.

ఆ విజిల్స్ వచ్చేలోపు చేతులకి పని ఉంది. ముప్పావు గ్లాసు బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, సగం నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్ళతో మెత్తగా కలపండి. చల్లారిన పాన్‌కి నూనె రాసి, పిండిని వేళ్ళతో పల్చగా ఒత్తండి. పాన్ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, పిండి కూడా సరిగ్గా పరచుకోదు. మధ్యమధ్యలో వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయండి. లోపలి దాకా కాలడానికే ఆ చిల్లులు.

తర్వాతి 10 నిమిషాలు: అసలు లాభం ఇక్కడే. స్టవ్వు మీంచి దించాక కూడా ప్రెషర్ దిగేదాకా కుక్కర్‌లో కిచిడి ఉడుకుతూనే ఉంటుంది. విజిల్ ఎత్తి ఆవిరి వదిలేయకండి. ఆ టైములో స్టవ్వు ఖాళీ. పాన్ పెట్టి, మూత వేసి, తక్కువ సెగ మీద సర్వపిండి కాల్చండి. తిప్పక్కర్లేదు. కింద ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా ఉండాలి.

ఈలోపు చింతపండు పిసికి రెండు గ్లాసుల పులుసు తీయండి. వేయించిన మిరపకాయలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు కలిపి చేత్తో నలిపి అందులో వేయండి. మిగిలిన నువ్వుల పొడి, చిటికెడు బెల్లం కూడా. చివరి రెండు నిమిషాల్లో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు.

ఖర్చు

ధరలు మారుతుంటాయి కాబట్టి కొలతలతో లెక్కేద్దాం. అరగ్లాసు ఎర్రపప్పు సుమారు 90 గ్రాములు, అంటే కిలో ధరలో పదో వంతు కూడా కాదు. 1200 వాట్ల మీద 35 నిమిషాలు నడిచినా కరెంటు 0.7 యూనిట్. అన్నంలో పప్పు, పక్కన పల్లీలు ఉండటం వల్ల ప్రొటీన్ కూడా బాగానే అందుతుంది. నూడుల్స్ తిన్న గంటకే వేసే ఆకలి దీనికి వేయదు.

ఒక్క జాగ్రత్త. ఫ్రిజ్ లేని రూముల్లో మిగిలిన కిచిడిని పొద్దుటికి దాచకండి. బియ్యంలో ఉండే కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట గంటల తరబడి ఉంచితే పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఇద్దరే ఉంటే కొలతలు తగ్గించండి. సర్వపిండి ముక్క మిగిలిందా, చల్లారాక కాగితంలో చుట్టి వెళ్ళేవాళ్ళ బ్యాగులో పెట్టేయండి. ఊరి బస్సులో దారి పొడవునా తింటూ పోతారు.