చెరువును చదివిన విద్యార్థి

మన గ్రామములలో చెరువు నెరుగనివారు లేరు. ఏ కార్తెలో నీరు నిండునో, ఏ మాసమున నాచు పట్టునో, ఏ గట్టున చేపలు చేరునో పెద్దలను అడిగిన చెప్పుదురు. అట్టి చెరువునే పుస్తకముగా చేసికొని, అయిదు సంవత్సరములు చదివి, విశ్వవిద్యాలయమునందు అత్యున్నత పట్టమును పొందిన రైతుబిడ్డ యొకడు కలడనిన పాఠకులకు వింతగా తోచవచ్చును. ఆ చదువు ఎట్టిదో, దానివలన లోకమునకు కలిగిన ప్రయోజనమేమో ఈ వ్యాసమున తెలుపదలచినాము.

ఈ శాస్త్రమెట్టిది?

మొక్కను గూర్చి వృక్షశాస్త్రమును, జంతువును గూర్చి జంతుశాస్త్రమును చెప్పును. అయితే మొక్కయు, జంతువును, నేలయు, నీరును, ఎండయు ఒకదానితో నొకటి ఎట్టి సంబంధము కలిగియున్నవో విచారించునది జీవావరణ శాస్త్రము. చేనిలో పురుగు హెచ్చుటకు కారణమేమి? అడవి కొట్టివేసినచో వాగు ఏల ఎండును? ఒక చెరువులో ఎన్ని చేపలు బ్రదుకగలవు? ఇట్టి ప్రశ్నలన్నియు ఈ శాస్త్రమునకు చెందినవే.

రైతుబిడ్డ పరిశోధన

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరభాగమున మిన్నెసోటా అను రాష్ట్రము కలదు. అచ్చటి విశ్వవిద్యాలయము 1851లో స్థాపింపబడినది. నేడది ఆ దేశపు పెద్ద విశ్వవిద్యాలయములలో నొకటి. 1915లో ఆ రాష్ట్రముననే జన్మించి, పొలముల నడుమ పెరిగిన రేమండ్ లిండెమన్ 1936లో పట్టభద్రుడై, పై చదువునకై ఆ విశ్వవిద్యాలయమున చేరెను. మిన్నియాపొలిస్ నగరమునకు ఉత్తరముగా సీడార్ బాగ్ లేక్ అను చిన్న మడుగు కలదు. అది లోతు తక్కువైనది. పూడిక పట్టి వృద్ధాప్యమునకు వచ్చినది. ఆయన దానినే తన పరిశోధనకు ఎన్నుకొనెను.

వేసవిలోను, పైనీరు మంచుగడ్డయై బిగిసిపోవు శీతకాలములోను ఆయన ఆ మడుగును విడువలేదు. నీటి నాచును, కంటికానని సూక్ష్మజీవులను, అడుగుబురదలోని పురుగులను సేకరించి, తూచి, లెక్కించెను. ఆయన భార్య ఎలియనార్ ఈ పనిలో తోడ్పడెను. అంతవరకు పండితులు ఏ జీవి దేనిని తినునో పట్టికలు వ్రాయుచుండిరి. లిండెమన్ మరియొక ప్రశ్న వేసెను: సూర్యుని నుండి వచ్చిన శక్తి ఒక జీవి నుండి మరియొక జీవికి ఎంత చేరుచున్నది?

లెక్క తేలినది. మడుగుపై పడిన ఎండలో సుమారు వేయింట ఒక పాలు మాత్రమే పచ్చని మొక్కలలో నిలిచినది. ఆ మొక్కలు కూర్చుకొనిన శక్తిలో నూటికి 13 పాళ్లు వానిని తిను ప్రాణులకు చేరినవి. ఆ ప్రాణులను వేటాడు జీవులకు చేరినది అందులో నూటికి 22 పాళ్లు. తక్కినదంతయు ఊపిరి పీల్చుటలో వేడియై పోవుటయో, చచ్చి కుళ్లుటయో, తినబడకయే మిగులుటయో జరుగును.

దీని తాత్పర్యము మన చేపల రైతులకు సులభముగా బోధపడును. శీలావతి, బొచ్చె మున్నగునవి నాచును, సన్నని నీటిపురుగులను తినును. కొర్రమీను ఇతర చేపలను తినును. నిచ్చెనలో ఒక్కొక్క మెట్టు ఎక్కిన కొలది ఆహారము తరిగిపోవును. కావుననే చెరువు తానుగా ఇచ్చు మేతతో మొదటి రకము ఎంత పెరుగునో, కొర్రమీను అంత పెరుగజాలదు.

1941లో లిండెమన్‌కు డాక్టరు పట్టము లభించెను. పిదప యేల్ విశ్వవిద్యాలయమున హచిన్సన్ అను ఆచార్యుని వద్ద చేరి, తన సిద్ధాంతమును వ్యాసముగా సిద్ధము చేసెను. దానిని పరిశీలించిన ఇద్దరు పెద్ద పండితులు, ఇందు ఊహ హెచ్చు, ఆధారము తక్కువ యని ప్రచురణకు అంగీకరింపలేదు. హచిన్సన్ పట్టుబట్టి సమర్థించగా, పత్రికా సంపాదకుడు తుదకు దానిని స్వీకరించెను. అయితే అది 1942 అక్టోబరులో అచ్చయి వెలువడునాటికి లిండెమన్ లేడు. ఆ సంవత్సరము జూన్ నెలలోనే, తన 27వ ఏట, వ్యాధిచే మరణించెను. ఆనాడు త్రోసిపుచ్చబడబోయిన ఆ వ్యాసము నేడు ఈ శాస్త్రమునకు పునాదిరాళ్లలో నొకటిగా ఎన్నబడుచున్నది.

నేటి విద్యార్థి చేయు పని

నేడు అదే విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ప్రత్యేకశాఖ కలదు. ఆ మడుగు చుట్టునుగల సీడార్ క్రీక్ అను ప్రదేశము పరిశోధనక్షేత్రముగా కాపాడబడుచున్నది. డాక్టరు పట్టమునకు సాధారణముగా 5 లేక 6 సంవత్సరములు పట్టును. విద్యార్థి మొదట కొన్ని పాఠములు చదువును; గణితమును, గణాంకశాస్త్రమును నేర్చును. పిమ్మట తానే యొక ప్రశ్నను ఎన్నుకొని, ఆచార్యుల యెదుట పరీక్షకు నిలుచును. ఆపై ఏండ్ల తరబడి పొలములోనే పని. తరగతులలో సహాయకుడుగా పనిచేసి భృతి పొందుటయు కలదు. చివర తన సిద్ధాంతమును నలుగురి యెదుట సమర్థించుకొనవలెను.

ఒక్కని ఆయుష్షు చాలని పనులును ఇందు కలవు. సీడార్ క్రీక్‌లో టిల్మన్ అను ఆచార్యుడు 1982లో పచ్చికబయళ్లను చిన్న మడులుగా విభజించి పరిశీలన ప్రారంభించెను. 1988లో తీవ్రమైన కరవు వచ్చెను. పెక్కు జాతుల మొక్కలున్న మడులు కరవును తట్టుకొనగా, కొద్ది జాతులే యున్న మడులు హెచ్చుగా దెబ్బతినెను. కంది, జొన్న కలిపి విత్తు మన మెట్టరైతు ఈ మాట విని ఆశ్చర్యపడడు. అయితే ఎంత మేలో కొలిచి చూపుటకు ఏండ్లు పట్టినది. తరువాత వచ్చిన విద్యార్థులు ముందటివారు వ్రాసియుంచిన లెక్కల నాధారము చేసికొని, తమ లెక్కలను చేర్చి పోవుచున్నారు.

మనము గ్రహింపవలసినది

ఈ చదువు చదివిన ప్రతివారికిని వెంటనే ఉద్యోగము దొరకునని మేము చెప్పజాలము. ఇది ఓర్పు గలవారి విద్య. కాని మడుగును, పొలమును చిన్ననాటి నుండి చూచిన పల్లెబిడ్డకు ఇందు కొంత మొదటి పాఠము ముందే వచ్చియుండును. తెలుగునాట ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములందు వృక్ష, జంతు శాస్త్రములు బోధింపబడుచున్నవి. ఆసక్తి గల బాలబాలికలను తల్లిదండ్రులు ప్రోత్సహింపవలెను.

అంతవరకు ఒక నోటుపుస్తకము చాలును. వారమున కొకమారు చెరువుగట్టుకు పోయి, తూము వద్ద నీరెంత యున్నదో, నీటి రంగేమో, ఏ పక్షులు వ్రాలినవో, ఏ చేపలు పడినవో తేదీతో సహా వ్రాసికొనవలెను. ఏడాది గడచిన పిదప దానిని తిరిగి చదివినచో, ఊరిపెద్దలకును తెలియని సంగతి యొకటి అందు కనబడవచ్చును. లిండెమన్ చదువును ఇట్లే, ఒక మడుగు ఒడ్డున, లెక్క వ్రాసికొనుటతోనే సాగినది.